పిల్లలకు చెప్పని మాట

“పిల్లల్ని గూడ తీస్కపోతున్నవా?” అని పక్కసీటు పెద్దామె గట్టిగా అడిగినప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. నా పిల్లలిద్దరూ ముందు సీటులోనే ఉన్నారు.

ఖమ్మంలో మణుగూరు బస్సు ఎక్కినప్పటి నుంచి ఆమె అన్నీ అడుగుతూనే ఉంది. మాల్దీవుల్లో ఇంగ్లిష్ టీచరునని, సెలవులకు వచ్చి ఆదివారం మళ్ళీ వెళ్తున్నానని చెప్పగానే జీతమెంతని అడిగింది. ఆ దీవిలో ఏడాదిపాటు నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. అక్కడ బియ్యం, ఉల్లిగడ్డలు కూడా పడవలోనే రావాలని, కిరాయి పోను ముగ్గురం తినడానికే నా జీతం సరిపోయిందని చెప్పాను. ఈసారి పిల్లలు మణుగూరులో వాళ్ళ నాన్న దగ్గరే ఉంటారని మాత్రం ఆమె చెవిలో చెప్పాను.

“నౌకరి ఉన్నదానివి, నీకు గూడ పైసల తిప్పలేనా? మేం మిరపకాయ ఏరనీకి పోతే పిల్లల్నే గాదు, కోళ్ళను గూడ ఎంటబెట్టుకొని పోతం” అని నవ్వింది. అడవి ఊళ్ళ నుంచి ఏటా కుటుంబాలు అలాగే తరలివచ్చి, చేలోనే గుడిసెలు వేసుకుని ఉంటాయి.

“వాళ్ళకు ఎరికేనా?” ముందు సీటు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“లేదు పెద్దమ్మా. నిద్రపోతున్నప్పుడు వెళ్ళిపోదామనుకుంటున్న.”

ఆమె నవ్వు ఆగిపోయింది.

“గట్ల జెయ్యకు బిడ్డా. ఓసారి నా పిల్లకు జరమొస్తే, మా అమ్మకాడ పండవెట్టి గట్లనే పోయిన. నేను తిరిగొచ్చినంక గూడ అది నెలదాక రాత్రిపూట కన్ను మూయలే. మూస్తే మళ్ళ పోతనని.”

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను: “ఆదివారం నేను దీవికి పోతున్న. ఈసారి మీరు రారు, నాన్న దగ్గరే ఉంటరు. పగటిపూటనే పోత, మీరు మెలకువగా ఉన్నప్పుడే.”