రాగి డొక్కలో చప్పుడు

కాడుగోడి దాటాక, నగరం అంచున, ఇంకా అపార్ట్‌మెంట్లు పైకి లేవని కాస్త నేలలో వెంకటగిరియప్ప గుర్రాల లాయం ఉంది. అవి రేసుకోర్సు గుర్రాలు కావు, దూరం పోయే గుర్రాలు. పొద్దున బయలుదేరి, మధ్యమధ్య ఆగి, డాక్టరు ఒళ్ళంతా తడిమి చూసి సరేనంటేనే మళ్ళీ కదిలే పోటీలకు తయారయ్యేవి. ఆ పోటీల్లో ముందొచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు. వచ్చాక గుండె త్వరగా నెమ్మదించాలి. చిగురు నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి రావాలి. మెడ మీద తోలు పట్టి లాగితే మడత నిలవకూడదు. కడుపులో పేగులు కదులుతుండాలి. ఇందులో ఏది తప్పినా గుర్రం ఇంటికే.

గుండె సంగతి చెప్పడానికి పల్లవి ఫోను ఉంది. హూడిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ ఇక్కడికి సవారీకొచ్చే ఆ పిల్ల గుర్రం పొట్టకు ఒక పట్టీ కడుతుంది, అంకెలు ఫోనులోకి వస్తాయి. పేగుల సంగతి చెప్పేది మాత్రం గుర్రాల్ని చూసుకునే సైసు మహబూబ్ బాషా.

బాషాది కదిరి. కుర్రతనంలో వచ్చి కె.ఆర్.పురం స్టేషను ముందు జట్కా తోలాడు. జట్కావాళ్ళకు డాక్టర్లెక్కడ? మళ్ళీ బండి కట్టే ముందు గుర్రం డొక్కకు చెవి ఆనించేవాళ్ళు. పేగులు గుర్రుగుర్రుమంటే ‘మాట్లాడతాండాది’ అనేవాళ్ళు. మాట్లాడితే బండి కట్టొచ్చు, లేకుంటే కట్టకూడదు. అంతే శాస్త్రం. ఆటోలొచ్చి జట్కా పోయింది. గుర్రమూ పోయింది, ఎక్కడికని అడక్కండి. తర్వాత చాలా ఏళ్ళు బాషా గ్రానైటు కోసే మిషను పక్కన నిలబడ్డాడు. చెవిలో దూది పెట్టుకోమని చెప్పినవాడు లేడు. గిరియప్ప పిలిచి లాయంలో పెట్టుకునేసరికి మిషను వదిలింది గానీ, దాని రొద మాత్రం చెవిని వదల్లేదు.

ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. భార్య సమీనాకు చెప్పకుండానే తెలిసింది.

“కుక్కరు కూసి కూసి సచ్చింది. అన్నం మాడినాక ముక్కుతో వింటావేమో, ఇంక నీకు చెవులెందుకు?” అనేది.

“నీ కూతల్లో అది కలిసిపోయింటాదిలే,” అనేవాడు.

బయట మాత్రం నవ్వులాట కాదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేవాడు. అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు. సైసుకు చెవుడని తెలిస్తే గిరియప్ప తీసుకెళ్ళి ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గరో వాచ్‌మన్‌గా కూర్చోబెడతాడు. కూర్చోడానికి బాధేం లేదు. కానీ అక్కడ రాగి ఉండదు.

రాగి, రాగిసంగటి రంగు ఆడగుర్రం. తల్లి ఈనగానే పోతే బాషా సీసాతో పాలు పట్టి సాకాడు. అతని భుజం మీద గడ్డం ఆనించి నిద్రపోయేది.

అతనికున్న ధైర్యం ఒక్కటే. మనుషుల మాటలు మసకబారుతున్నా గుర్రాల కడుపులు బాగా వినబడుతున్నాయి. ఏ గుర్రానికి చెవి పెట్టినా ఆ గుర్రు స్పష్టంగా వస్తోంది. ‘అసలైన పనికి చెవి పనికొస్తాంది గదా, ఇంకేం కావాల’ అనుకునేవాడు. ఏ పూటా, ఏ గుర్రానికీ కడుపు మూగబోకపోవడం ఏమిటని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఆ యేడు శివరాత్రి రాకముందే ఎండ ముదిరింది. పోటీకి ముందు చివరి పెద్ద సాధన. డాక్టరు లేదు, మన ఇంటి సవారీయే కదా అని పిలవలేదు. మొదటి చుట్టు ముగించుకుని పల్లవి, రాగి లాయానికి వచ్చారు. చెమట ఎండి రాగి ఒంటి మీద ఉప్పు చారలు కట్టింది. బాషా తడిగుడ్డతో తుడిచాడు, నీళ్ళు పోశాడు. గుండె వేగం దిగింది గానీ ఎప్పటికన్నా ఆలస్యంగా దిగింది. ఉలవ గుగ్గిళ్ళు మూతి ముందు పెడితే వాసన చూసి తల తిప్పుకుంది.

“తినడం లేదు అంకుల్,” అంది పల్లవి.

“ఏమప్పా, ఈ పొద్దుకు నిలిపేస్తామా?” అన్నాడు గిరియప్ప. “పోతే పోయింది, సుమ్నే, ఊరికే ఎందుకు రిస్కు?”

“హార్ట్ రేట్ ఓకేనే సార్. బాషా అంకుల్ విని చెప్తే ఫైనల్.”

బాషా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి రాగి డొక్కకు చెవి ఆనించాడు. అటుపక్కకు పోయి మళ్ళీ ఆనించాడు. గుర్రు. ఎప్పటిలాగే, ఆగకుండా.

“మాట్లాడతాండాదమ్మా. పో.”

రాగి రెండడుగులు వేసి వెనక్కి తిరిగి అతని వైపు చూసింది. “ఏమే, సోంబేరి! నడువు!” అని పిర్ర మీద చరిచాడు.

రెండో చుట్టు సగంలో నీలగిరి తోపు దగ్గర అది ఆగిపోయింది. వెనక కాళ్ళు కొయ్యబారాయి. టెంపోలో వేసుకొచ్చేసరికి డొక్కలు ఎగరేస్తూ, మాటిమాటికీ పొట్ట వైపు చూసుకుంటోంది. పోసిన మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. డాక్టరు భారతి వచ్చి సెలైన్లు పెట్టింది, ముక్కులోంచి గొట్టం వేసింది. స్టెతస్కోపు డొక్కంతా జరిపి జరిపి చూసింది.

“పేగులు పూర్తిగా ఆగిపోయాయి. ఇది ఇప్పుడు మొదలైంది కాదు, తిండి మానినప్పుడే మొదలై ఉంటుంది. మధ్యాహ్నం ఎవరు విన్నారు?”

ఆమె ఏమడిగిందో పెదాల్లో పట్టుకుని బాషా ముందుకొచ్చాడు. “నేనే డాక్టరమ్మా. బాగా వినపడింది. ఒట్టు.”

ఆమె తిట్టలేదు. స్టెతస్కోపు తీసి అతని చెవులకు పెట్టింది. బిళ్ళను రాగి డొక్క మీద ఆనించి, అతని ముఖానికి దగ్గరగా వచ్చి అడిగింది. “ఇప్పుడు?”

బాషా ముఖం వెలిగింది. “వినపడతాండాది! గుర్రుమంటాండాది! మీరే సరిగా సూడల్యా...”

భారతి బిళ్ళను డొక్క మీంచి తీసి చేత్తో గాల్లో పట్టుకుంది. “ఇప్పుడు?”

అబద్ధం చెప్పొచ్చు. లేదని ఒక్క మాటంటే సరిపోయేది. గిరియప్ప చూస్తున్నాడు, పల్లవి చూస్తోంది. బాషా గాల్లో వేలాడుతున్న ఆ బిళ్ళను చూశాడు. తర్వాత రాగిని చూశాడు.

“ఇప్పుడు గూడా,” అన్నాడు.

ఎవరేమన్నారో, అతను ఎవరి పెదాల వైపూ చూడలేదు. రాగి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దు వాలేలోగా అది కాళ్ళు చాపేసింది.

మర్నాడు లాయం వెనక గుంత తవ్వడానికి జేసీబీ వచ్చింది. బాషా గుంత పక్కనే నిలబడ్డాడు. జేసీబీ వెనక్కొస్తూ హారన్ కొడుతూనే ఉంది, అతను కదల్లేదు. గిరియప్ప పరిగెత్తుకొచ్చి జబ్బ పట్టి లాగాడు.

“సచ్చేవు గదప్పా! ఒక్క మాట సెప్పింటే నేనేమన్నా నిన్ను తరిమేద్దునా?”

తరిమేవాడే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. రేపటి నుంచి గేటు దగ్గర కూర్చోమని గిరియప్ప చేత్తో సైగ చేసి చూపించాడు. అతనితో సైగ చేయడం అదే మొదలు. బాషా తలూపాడు.

రాగిని గుంతలోకి దించే ముందు అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చల్లబడి బిగుసుకున్న ఆ డొక్కకు చెవి ఆనించాడు. పల్లవి ముఖం తిప్పుకుంది. జేసీబీవాడు ఇంజను ఆపి చూస్తున్నాడు. అలా చాలాసేపు ఉండి, లేచి టోపీ పెట్టుకున్నాడు.

“మాట్లాడతానే ఉండాది,” అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.