వసంతక్క కాటుక కొలత

పెరట్లో ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మా ఆవిడ పాపకు కాటుక పడుతోంది. ఆ మసి వాసన ఇంట్లోకి రాగానే మా అత్తగారికి తన పిల్లల పసితనం గుర్తొచ్చిందట. నాకు మాత్రం ఇంజను గుర్తొచ్చింది! పైకి అంటే నవ్విపోతారని ఊరుకున్నాను. ఏం చేయను, నా ముక్కుకు ఆ వాసన అంటే డీజిలు, గ్రీజు, ముత్తియాల్‌పేట సందులో ఒక రేకుల షెడ్డు, అందులో కళ్లనిండా కాటుకతో మా వసంతక్క. ఈ సాయంత్రం పాపను చూడటానికి ఆవిడే వస్తోంది.

యానాంలో ఐటీఐ పూర్తిచేసి, పుదుచ్చేరికి పని వెతుక్కుంటూ వచ్చి ఆ షెడ్డులో చేరాను. వసంతక్క వాళ్లు తాతల నాటి నుంచి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు. తండ్రి పోయాక ఆయన నడిపిన ఇంజన్ల షాపు ఆవిడ చేతికొచ్చింది. తెలుగు చదవడం రాదు కానీ, మాట్లాడితే సందు చివరిదాకా వినపడేది, అందులో సగం తమిళం. అణకువ అన్నది ఆవిడ దగ్గర వెతికినా దొరకదు. "ఈ ఊర్లో ఇంజను విప్పేవాళ్లు శానామంది. సరిగ్గా బిగించేది నేనే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. చేరిన రోజున "పని ఎక్కడ మొదలెట్టమంటారండి?" అని నేనడిగితే పడీపడీ నవ్వింది. "ఏందప్పా సూర్యం, ఈ అండీల గోల! రేపు ఇంజనుకు కూడా అండీ అంటావా ఏంది? అక్కా అను, చాలు" అంది. అప్పటినుంచీ అక్కే.

అక్క పనితనం తెలియాలంటే ముందు పుష్‌రాడ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. ఇంజను లోపల కింద తిరిగే క్యామ్ కదలికను పైనున్న రాకర్ అనే మీట దాకా మోసుకెళ్లే సన్నని ఉక్కు గొట్టం అది. ఆ కదలికతో రాకర్ వాల్వును నొక్కి తెరుస్తుంది. ఇంజను పైమూత, అదే హెడ్డు, వంగిందని చెక్కి చదును చేశామనుకోండి, ఆ మేరకు అది కిందికి దిగుతుంది, పాత రాడ్డు పొడవైపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని, రాకర్ మీది నట్టును కాస్త తిప్పి సరిపెట్టేయడం. ఇంజను మోగుతుంది, డబ్బాలు సర్దుకుని ఇంటికి పోతారు. కానీ రాకర్ వాల్వును నడినెత్తిన కాక అంచున నొక్కుతూ, పక్కకు తోసి తోసి అరగదీస్తుంది. ఎప్పుడో ఒకరోజు, మనకు అస్సలు కుదరని చోట, ఇంజను మొరాయిస్తుంది.

రాకర్ ఎక్కడ నొక్కుతుందో తెలియడానికి వాల్వు తలమీద ఇంకు పూస్తారు. మా షెడ్డులో ఇంకు డబ్బా ఎప్పుడో ఎండిపోయింది. అక్కకు అది అక్కర్లేదు. చూపుడువేలు కంటి కింద రాసుకుని, ఆ కాటుకనే వాల్వుకు పూసేది! సాగదీసి కుదించగల కొలత రాడ్డు ఒకటి తనే లేతు మీద చేసుకుంది. దాన్ని లోపల పెట్టి, ఫ్లైవీలును చేత్తో తిప్పించి, రాకర్ తీసి చూసేది. కాటుక చెరిగిన గీత సన్నగా నట్టనడుమ ఉంటే ఆ పొడవు ఖాయం. "యాడ పడింది చూడు" అని నన్ను అడిగేది. కొత్తలో నేను ఆవిడ మొహంకేసి చూసి "నడుమనే అక్కా" అనేవాణ్ణి. "నా మొహం చూసి చెప్తావేంది? వాల్వును చూసి చెప్పు!" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసేది. మొట్టికాయ కూడా నట్టనడుమే పడేది.

ఒక ఏడాది వైతికుప్పం అనే జాలరిపేట నుంచి సెల్వం పడవ ఇంజను మా దగ్గరికొచ్చింది. ఏ దేశంలో పుట్టిందో ఎవరికీ తెలియని పాత ఇంజను. చేపలవేట నిషేధం కాలమంతా పడవలు గట్టుమీదే ఉంటాయి. అది ముగిసిన తెల్లవారుజామున అన్నీ ఒక్కసారే కదులుతాయి. నెలల తరబడి సంపాదన లేని సెల్వం ఇంటికి ఆ తొలివేటే ఆధారం. మేం హెడ్డు చెక్కి, రాడ్ల కొలత తీశాం. ఒక మూల ఇంకా వంపు మిగిలిందని అక్క మరో చెక్కు చెక్కింది. ఆ హడావిడిలోనే రాడ్లు కోసి బిగించాం. బయలుదేరే ముందురోజు మధ్యాహ్నానికి ఇంజను పడవలో కూర్చుని దడదడా మోగింది. సెల్వం తల్లి దానికి పసుపు కుంకుమ పెట్టి, మల్లెదండ వేసి, నిమ్మకాయ కట్టింది. అందరం కూర్చుని పొంగలి తింటున్నాం. ఉన్నట్టుండి అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"సూర్యం, మనం కొలిచింది రెండో చెక్కుకు ముందు గదా?"

అవునన్నాను. అంటే ఆ రెండో చెక్కు మేరకు రాడ్లు పొడవైపోయినట్టే.

"పోయింది పో!" అంటూ చెయ్యైనా సరిగ్గా కడుక్కోకుండా పడవెక్కేసింది.

పూజ అయిన ఇంజనును విప్పితే అరిష్టమని సెల్వం తల్లి అడ్డం నిలబడింది. అక్క తమిళంలో, "పీటల మీదికొచ్చిన పెళ్లికూతురికి కాటుక చెదిరితే అట్లనే వదిలేస్తావా, తుడిచి దిద్దుతావా పెద్దమ్మా?" అని అడిగింది. ఆవిడకు నవ్వాగలేదు. దండ తనే తీసి చేత్తో పట్టుకుని పక్కకు జరిగింది.

అక్క వేలు కంటికి పోయింది. కాటుక పూసింది. నేను ఫ్లైవీలు తిప్పి, రాకర్ తీశాను.

"యాడ పడింది?"

కుప్పం కుప్పమంతా మమ్మల్నే చూస్తోంది. మా పక్క షెడ్డు మేస్త్రి కూడా అక్కడే ఉన్నాడు. ఈసారి మాత్రం వాల్వునే చూశాను.

"అంచుకి పోయిందక్కా."

"నట్టు సర్దేయక్కా, మోగుతోంది గదా" అని సెల్వం బతిమాలాడు.

"ఈడ ఆగితే నేనొస్తా. సముద్రం నడుమ ఆగితే నన్ను యాడికి రమ్మంటావు?" అని, గట్టు మీదివాళ్లందరికీ వినపడేలా, "కొలత తప్పింది నేనే! ఇంజనుది తప్పులేదు, సెల్వందీ లేదు" అంది. తన గొప్పలు ఏ గొంతుతో చెప్పుకునేదో అదే గొంతుతో, అంతే గట్టిగా చెప్పింది! తప్పు ఒప్పుకునేవాళ్లు తలదించుకుని గొణుగుతారనే అనుకునేవాణ్ణి. ఆ క్షణాన అక్క మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

అక్కడే మళ్లీ కొలిచి, ఆటోలో షెడ్డుకు పరుగెత్తి, రాడ్లు తగ్గించి, పొద్దుగుంకేలోపు తిరిగొచ్చి బిగించాం. ఈసారి గీత నట్టనడుమ పడింది. దండ మళ్లీ ఇంజను మెడకెక్కింది. తెల్లవారుజామున అన్ని పడవల మోతలోనూ అక్క చెవి రిక్కించి "అదిగో, అది మనది!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. వేట బాగా పడింది. సెల్వం మా షెడ్డుకు వంజరం చేప పట్టుకొచ్చాడు. పక్క షెడ్డు మేస్త్రి వచ్చి, "ఏం వసంతా, ఒక ఇంజనును రెండుసార్లు బిగిస్తావంట గదా" అని వెక్కిరించాడు. "అవునప్పా. నువ్వైతే తప్పని తెలిసినా ఒకసారే బిగిస్తావు గదా!" అంది. ఆయన చేప పులుసు మాత్రం తినే వెళ్లాడు.

ఇప్పుడు నేను ఈ ఊరి పారిశ్రామికవాడ మేట్టుపాళయంలో ఒక ఫ్యాక్టరీలో ఇంజన్ల పరీక్ష విభాగం చూస్తున్నాను. ఇంకు డబ్బాలకు కొదవలేదు. చెక్కుళ్లూ మార్పులూ అన్నీ అయ్యాకే కొలత తీయనిస్తాను. ఎవరైనా నా మొహం చూసి బాగుందంటే, వాల్వును చూసి చెప్పమంటాను. మొట్టికాయ ఒక్కటే వేయను, ఫ్యాక్టరీ కదా.

సాయంత్రం అక్క వచ్చింది. కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు కాటుక మానిపించాడట. బోసి కళ్లతో ఆవిణ్ణి చూస్తే మనసు చివుక్కుమంది. గొంతు మాత్రం వీధి మొదట్లోనే వినపడింది. పాపను ఒళ్లోకి తీసుకుని, కొత్త కాటుక వేలికి రాసుకుని, అరికాలి నడుమ దిష్టిచుక్క పెట్టింది. పెట్టి, నావైపు తిరిగింది.

"నాకు సరిగ్గా ఆనలేదప్పా. యాడ పడింది?"

పెద్దావిడ, బాగుందనమని మా ఆవిడ మోచేత్తో పొడిచింది. నేను పాప అరికాలు చూశాను.

"పక్కకి పోయిందక్కా."

అక్క ఇల్లదిరేలా నవ్వింది. కొంగుతో చుక్క తుడిచేసి, "సరే, కాలు గట్టిగా పట్టుకో. మళ్లీ పెడదాం" అంది.