మొగిలమ్మకు వేరే తీగ

మా అన్న భానుచందర్‌కు చూపు లేదు. చూపు లేనివాళ్ళకు వినయం ఎక్కువని హనుమకొండలో చాలామంది నమ్మకం. అన్న ఆ నమ్మకాన్ని దొరికినచోటల్లా పాడుచేశాడు.

పెళ్ళిళ్ళలో పాటలు పెట్టడం అతని పని. తెరమీది అక్షరాలను లాప్‌టాప్ ఒక ఆడగొంతుతో చదివి వినిపించేది. ఊపిరి తీయకుండా మాట్లాడుతుందని దానికి మా నాయనమ్మ మొగిలమ్మ పేరు పెట్టాడు. పాటలు లాప్‌టాప్ సొంత సౌండ్ కార్డు నుంచి పెద్ద స్పీకర్లకు పోయేవి. మొగిలమ్మకు వేరే కార్డు, లాప్‌టాప్ పక్కన గుచ్చిన బొటనవేలంత ముక్క. దాని తీగ అన్న ఎడమ చెవిలోకి.

"ముసల్ది నాకు చెప్పాలె, ఊరికి గాదు" అనేవాడు.

పరకాల రోడ్డు మీద ఫంక్షన్ హాలున్న వీరభద్రానికి ఇదంతా గారడీలా ఉండేది. "సూడు భానూ, ఈ పెండ్లి మంచిగ గడిస్తే హాలు పాటలన్నీ నీకే. జర గడబిడైనా వేరేటోన్ని పెట్టుకుంట" అన్నాడు. అన్నకు ఆ హాలు కావాలి. అక్కడ స్పీకర్లు గోడకే ఉంటాయి. ఊరూరా డబ్బాలు మోయడానికి అతని నడుము ఇక ఒప్పుకోవడం లేదు.

భోజనాల వేళ పెళ్ళికూతురి మేనమామ శ్యాంసుందర్ సారు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. మా దగ్గర మేనమామ పెట్టాల్సిన బట్టలైనా మరిచిపోతాడు గాని, పెన్‌డ్రైవ్ మరవడు.

"తమ్మీ, నువ్వు కూసో. నీకు కనబడది గద, నేనే పెడ్త."

"సార్, చెయ్యి పెట్టకుండ్రి, ఆగుండ్రి!"

"ఫికర్ జెయ్యకు. ఇగో, ఎవలిదో పెన్‌డ్రైవ్ ఉన్నది. తీస్తాన."

తీసింది మొగిలమ్మ కార్డు, ఆ సందులో గుచ్చింది తన పెన్‌డ్రైవ్. దారి పోయిన మొగిలమ్మ పాటలు పోయే దారే పట్టుకుంది. పప్పు వడ్డిస్తున్న హాలంతటికీ పెద్ద స్పీకర్లలో సారు పెన్‌డ్రైవ్‌లోని పాటల పేర్లు చదివి వినిపించింది.

"శ్యాంసుందర్ పాట ఫైనల్. శ్యాంసుందర్ పాట ఫైనల్ మళ్ళీ."

నవ్వు మొదలైంది. ఒక్క బటన్ నొక్కితే ఆమె నోరు మూతపడుతుంది. అన్న వేలు దానిమీదే ఉంది. అక్కడినుంచి జరిగి కింది బాణం నొక్కింది.

"రెండో చరణం, దగ్గు లేకుండా. శ్యాంసుందర్ పాట, చప్పట్లు కలిపింది."

విస్తళ్ళ ముందు జనం పొలమారి దగ్గారు. వీరభద్రం ఉరికొచ్చాడు.

"ఆపరాదుర! ఎందుకు ఆపలే?"

"నా చెవుల తీగ పీకిరి గదనే. అండ్ల ఏమేమున్నయో నాకు గూడ తెల్వాలె గద."

హాలు పోయింది. అన్న నడుముకు పట్టీ కట్టుకొని, చివరిదాకా డబ్బాలే మోశాడు. అడిగినవాళ్ళకు తప్పు మొగిలమ్మదని చెప్పేవాడు.

అతను పోయాక సంతాపసభకు వీరభద్రం ఆ హాలే ఇచ్చాడు. "భాను మా హాలు మనిషి. కండ్లు లేకున్నా మనసు బంగారం" అని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత శ్యాంసుందర్ సారు నివాళిగా పాడతానని లేచాడు. రెండో చరణంలో దగ్గొచ్చింది. తీగ పీకుదామని లేచి వేదిక దాకా పోయాను.

తీగ లేని మైకు.