రెండుసార్లు లేచిన చెయ్యి

అల్బీన్ డోరిగ్ ఏ విషయానికైనా రెండుసార్లు చెయ్యెత్తుతాడు. అవునన్నవాళ్ళు ఎత్తండి అంటే ఎత్తుతాడు. కాదన్నవాళ్ళు ఎత్తండి అంటే మళ్ళీ ఎత్తుతాడు. మధ్యలో ఒకసారి శుభ్రంగా దించుతాడు కాబట్టి ఏమరుపాటున ఎత్తాడని సరిపెట్టుకోవడానికి కూడా వీల్లేదు.

అప్పెంజెల్ కొండల్లో ఏటా ఏప్రిల్ ఆఖరి ఆదివారం మగవాళ్ళంతా నడుముకి తాతలనాటి కత్తులు కట్టుకుని పట్నం నడిబొడ్డున మైదానంలో చేరి, ఆ ఏటి చట్టాలన్నీ చేతులెత్తి తేల్చేస్తారు. కత్తే ఓటు చీటీ. కత్తి లేని మగవాడు మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి రాకూడదు. ఆడవాళ్ళు ఇంట్లో ఎన్ని కత్తులున్నా రాకూడదు. లేచిన చేతుల్ని ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. వేదిక మీది పెద్దలు ఒకసారి కలయజూసి, ఇటు ఎక్కువ, అటు తక్కువ అని చెప్పేస్తారు. చూపుకి తేలనప్పుడు ఒకాయన పక్కాయన చెవిలో, "ముందు ఆ డోరిగ్‌ని తీసేసి చూడు" అనేవాడు. అతన్ని రెండువైపులా తీసేస్తే వ్యవహారం మళ్ళీ మొదటికే వచ్చేది.

ఊళ్ళో అతని మీద జోకులకి కొదవలేదు. హోటలు నడిపే సెప్, అల్బీన్ గుమ్మంలో అడుగుపెట్టగానే, "రెండు గ్లాసులు పెట్టండర్రా, ఒకటి తాగుతాడు, ఒకటి వద్దంటాడు" అని కేకేసేవాడు. పెళ్ళిళ్ళలో ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగేముందు ఫాదరుగారు అల్బీన్ ఏ మూల కూర్చున్నాడో ఒకసారి చూసుకునేవారు. అల్బీన్ అన్నిటికీ నవ్వి ఊరుకునేవాడు. అరవయ్యొక్కేళ్ళ బ్రహ్మచారి, ఏడు మేకలు, కొండవాలున ఒక్క ఇల్లు, ఆ ఇంటి ముందు ఒక బల్ల. నవ్వక ఏం చేస్తాడు.

అతని ఇంటికి కాస్త కింద, అదే వాలులో హెర్మీనా కోలర్ ఇల్లు. ఆమెకి యాభై అయిదేళ్ళు. రుమాళ్ళ మీద తెల్లదారంతో పువ్వులు కుడుతుంది. భర్త పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. భర్త పోయాక హెర్మీనాకి మెల్లగా తెలిసివచ్చింది ఏమిటంటే, ఏ విషయంలోనైనా నువ్వేమనుకుంటున్నావు అని తనని అడిగే మనిషి భూమ్మీద ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ అల్బీన్.

ఏటా ఏప్రిల్ మొదటివారంలో ఒక సాయంత్రం అతను తలుపు తట్టేవాడు. చంకలో సభ తాలూకు పుస్తకం ఉండేది. ఓటున్నవాళ్ళ ఇళ్ళకి మాత్రమే పంపే పుస్తకం అది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో అంశం మీద వేలు పెట్టి చదివేవాడు.

"కొండల్లో వేట రోజులు తగ్గించాలంటున్నారు. నువ్వేమంటావు?"

"నేనేమంటే ఏముంది, ఓటు నీదయ్యె" అంది హెర్మీనా మొదటిసారి.

"నాదే. అందుకే అడుగుతున్నా. నువ్వెటంటే అటెత్తుతాను. ఎవరితోనూ అనకు సుమా. ఆడవాళ్ళని అడిగి ఓటేస్తున్నాడని తెలిస్తే సెప్ నన్ను బతకనివ్వడు."

హెర్మీనా ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరున్నారు గనక. కానీ ఆ సాయంత్రం కోసం ఆమె మార్చి నుంచే తేనె రొట్టె ఎప్పుడు కాల్చాలా అని ఆలోచించేది. వేట గురించి, నీటి పైపుల గురించి, బడి పైకప్పు గురించి అల్బీన్‌తో రెండు గంటలు వాదించేది. అతను వాదించేవాడు కాదనుకోండి, వినేవాడు. కాఫీలో చుక్క సారా కలిపి పోస్తే ఇంకో అరగంట వినేవాడు.

ఇక ఆదివారం నాడు మైదానం పక్కనున్న బేకరీ మేడమీది కిటికీలోంచి హెర్మీనా తన ఓటుని వెతుక్కునేది. అదిగో, ఆకుపచ్చ టోపీ పక్కన, లేచింది. సంతోషంతో కిటికీ చెక్క గట్టిగా పట్టుకునేది. తర్వాత కాదన్నవాళ్ళు అనగానే అదే చెయ్యి మళ్ళీ లేచేది.

"ఎందుకెత్తావు రెండోసారి?" అని సోమవారం పొద్దున్నే కంచె దగ్గర నిలదీసేది.

"తేనెటీగ వచ్చింది, తోలాను."

మరుసటి ఏడు చొక్కా చంకలో పట్టేసిందన్నాడు. ఆ పై ఏడు, దూరంగా బావమరిది కనిపిస్తే పలకరించానన్నాడు.

"పెళ్ళే కానివాడికి బావమరిది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడయ్యా?"

"అదే. దగ్గరికెళ్ళి చూస్తే వేరే ఆయన."

హెర్మీనా తిట్టేది, మళ్ళీ మార్చిలో తేనె రొట్టె గురించి ఆలోచించేది. అలా అయిదేళ్ళు గడిచాయి. పంతొమ్మిదివందల తొంభైలో వచ్చిన పుస్తకాన్ని మాత్రం అల్బీన్ తెరవడానికే తటపటాయించాడు.

"ఈ సభలో ఆడవాళ్ళకి కూడా ఓటివ్వాలా వద్దా అని అడుగుతున్నారు" అన్నాడు చివరికి.

దేశం మొత్తానికి సంబంధించిన విషయాల్లో ఆడవాళ్ళకి పంతొమ్మిదేళ్ళుగా ఓటుంది. దూరాన రాజధాని బెర్న్‌లో ఎవరు కూర్చోవాలో హెర్మీనా చెప్పవచ్చు. తన ఇంటి ముందు కాలువ ఎటు పోవాలో చెప్పడానికి మాత్రం లేదు. ఆమె కాఫీ కెటిల్ కింద పెట్టేసింది.

"అవును. వందసార్లు అవును. ఇదిగో అల్బీన్, వేట సంగతి పోనీ, పైపుల సంగతి పోనీ. ఈ ఒక్కదానికి రెండోసారి చెయ్యెత్తావో, నీకూ నాకూ మాటల్లేవు."

అల్బీన్ టోపీని మోకాలి మీద అటూ ఇటూ తిప్పాడు. "నీకు ఓటొస్తే ఇంక నేను రానక్కర్లేదన్నమాట" అన్నాడు. హెర్మీనా ఆవేశంలో ఉంది. ఆ మాట ఆమె చెవికెక్కలేదు.

ఆదివారం మైదానంలో మాట్లాడేవాళ్ళు చాలామందే మాట్లాడారు. ఒక పెద్ద రైతు, ఆడవాళ్ళు కూడా వస్తే మైదానం చాలదు, ఎక్కడ నిలబెడతారు అని అడిగాడు. హెర్మీనా పక్క కిటికీలోని ఆవిడ, "మీ పొట్టలు కాస్త లోపలికి పీల్చుకుంటే ఊరంతా పడుతుంది" అంది. అందరూ నవ్వారు, హెర్మీనా నవ్వలేదు. వేదిక మీది పెద్దలు అవునన్నవాళ్ళు ఎత్తండి అన్నారు. అల్బీన్ చెయ్యి లేచింది, అందరికంటే ముందు. కాదన్నవాళ్ళు అన్నారు. చెయ్యి చాలాసేపు లేవలేదు. తర్వాత చెవిదాకా వచ్చి ఆగింది. ఆ తర్వాత పూర్తిగా లేచింది.

ఆడవాళ్ళకి ఓటు వద్దని సభ తీర్మానించింది. సాయంత్రం అల్బీన్ వచ్చి తలుపు తట్టాడు.

"హెర్మీనా, చెయ్యి తిమ్మిరెక్కి..."

"నీ చెయ్యి ఏమైతే నాకేం" అని హెర్మీనా తలుపు వేసేసింది.

ఆ వేసవంతా తియ్యలేదు. అల్బీన్ మేకల్ని తోలుకుంటూ కంచె పక్కన ఒక్క క్షణం ఆగేవాడు, ఆమె వీపు తిప్పేది. శిక్ష అతనికే వేసింది గాని, నాలుగు నెలలు తిరిగేసరికి హెర్మీనాకి తన గొంతే కొత్తగా వినిపించడం మొదలైంది. కుట్టేటప్పుడు దారంతో మాట్లాడసాగింది. దారం నువ్వేమంటావు అని అడగదు కదా. ఆమెకి అల్బీన్ మీద కోపం తగ్గలేదు. కానీ ఆ కోపం చెప్పుకోవడానికి అల్బీన్ తప్ప ఇంకెవరూ గుర్తురాకపోవడం ఆమెని బాగా ఏడిపించింది.

నవంబరు చివర్లో లోజాన్‌లోని దేశపు పెద్ద కోర్టు, మగవాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అప్పెంజెల్ ఆడవాళ్ళకి ఓటు ఉండవలసిందే అని తేల్చేసింది. మర్నాడు హెర్మీనా కుట్టిన రుమాళ్ళు తీసుకుని బస్సు కోసం నిలబడింది. పక్కన, రిటైరైన టీచరమ్మ బ్లాండీనా గొడుగు పట్టుకుని ఉంది. ఆవిడకి డెబ్భై దాటాయి, ఆవిడా ఒంటరిదే. ఆడవాళ్ళకి ఓటు అక్కర్లేదనేది ఆవిడ సిద్ధాంతం.

"మగాళ్ళు చేసే తప్పులకి ఇకనుంచి మనం కూడా బాధ్యత మొయ్యాలి. కోర్టుకి ఆ మాత్రం తెలియదూ?" అంది టీచరమ్మ. "ఒక్కటి మాత్రం మేలు. ఇంక ఆ అల్బీన్ పుస్తకం పట్టుకుని మా ఇంటికి రానక్కర్లేదు."

హెర్మీనా చేతిలో సంచి జారింది. "మీ ఇంటికా?"

"ఎవరికీ చెప్పకు. పన్నెండేళ్ళుగా వాడి ఓటు నాది. మొన్న ఏప్రిల్లో ఆడవాళ్ళ ఓటుకి కాదని చెప్పాను, కాదని ఎత్తాడు. బానే ఉంది. అంతకుముందు అవునని ఎందుకెత్తినట్టు? చలేసి చేతులు ఆడించానంటాడు. అప్పటినుంచీ వాడితో మాట్లాడ్డం మానేశాను."

"టీచరమ్మా, వాడి ఓటు నాది. నాతో తిమ్మిరన్నాడు."

బస్సు ఎక్కాక కూడా ఆ గొడవ ఆగలేదు. ముందు సీట్లోని ఓటీలియా, తేనెటీగలు పెంచే ఆవిడ, మెడ తిప్పి, "నాకైతే భుజం పట్టేసిందని మందు కూడా అడిగాడు" అంది. బస్సు పట్నంలోకి దిగేసరికి అల్బీన్ పుస్తకం పట్టుకెళ్ళే మగదిక్కు లేని ఇళ్ళు టీచరమ్మ వేళ్ళ మీద ఆరు తేలాయి. ఆరుగురికీ ఒకటే రహస్యం. ఆరుగురూ ఏప్రిల్ నుంచి అతనితో మాట్లాడ్డం లేదు.

హెర్మీనా రుమాళ్ళు అప్పగించి నేరుగా కొండెక్కింది. అల్బీన్ కొట్టంలో మేకలకి గడ్డి వేస్తున్నాడు. ఆమెని చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఒక ఓటు ఆరిళ్ళకి పంచావా?"

"పంచలేదు. అందరికీ పూర్తిగానే ఇచ్చాను."

"నాకు చెబితే ఏం పోయేది?"

"ఆరోవంతు ఉందంటే నీకేం బావుంటుంది" అన్నాడు అల్బీన్. "పూర్తి ఓటు ఉందనుకుంటేనే కదా మనిషి గట్టిగా మాట్లాడేది. నువ్వు ఆ పైపుల గురించి ఎంత గట్టిగా మాట్లాడావని."

"ఎప్పుడు నేర్చుకున్నావీ పని?"

"ఇరవయ్యో ఏట. నాన్న కత్తి అమ్మే నడుముకి కట్టింది. ఈ పొలం, పశువులు, లెక్కలు అన్నీ ఆవిడే చూసేది. తీరా సభ రోజున తాడవతల నిలబడింది. నాకేమో ఏమీ తెలియదు. వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూసి ఎత్తాను. ఆవిడ పోయాక ఎవర్నో ఒకర్ని అడగాలిగా." మేకల ముందు గడ్డి సర్దుతూ, "సభకి ముందు మూడువారాలూ ఆరిళ్ళలో కాఫీ కూడా దొరికేది" అన్నాడు.

ఓటొస్తే నేను రానక్కర్లేదన్నమాట అని అతను అన్న మాట హెర్మీనాకి ఇప్పుడు చెవికెక్కింది. ఆ ఇళ్ళు మూసుకుపోతాయని తెలిసి కూడా అందరికంటే ముందు అవునని ఎత్తాడు. ఆమెకి నవ్వొచ్చింది. నాలుగు గడ్డిపరకలు తీసి మేకకి పెట్టి దిగిపోయింది. మర్నాటినుంచీ కంచె దగ్గర పలకరింపులు మళ్ళీ మొదలయ్యాయి.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. పుస్తకం ఈసారి హెర్మీనా కోలర్ పేరు మీద పోస్టులో వచ్చింది. ఆమె తేనె రొట్టె కాల్చి, పుస్తకం బల్ల మీద పెట్టి కూర్చుంది. ఒక వారం అయింది, రెండు వారాలయ్యాయి. అల్బీన్ రాలేదు. రావలసిన పని లేదనుకున్నాడు కాబోలు. పూర్తి ఓటు చేతికొచ్చాక ఎవరితో వాదించాలో హెర్మీనాకి తోచలేదు. ఒక్కతే చదువుకుంది, ఒక్కతే రొట్టె తింది.

ఆదివారం నాడు, ఆడవాళ్ళకి కత్తికి బదులుగా ఇచ్చిన ఓటు కార్డు చూపించి తాడు దాటింది. మైదానం అందరికీ సరిపోయింది. అల్బీన్ కత్తి కట్టుకుని ఒక పక్కగా నిలబడి ఉంటే వెళ్ళి పక్కన నిలబడింది. వెనకాల టీచరమ్మ, ఇష్టం లేకపోయినా, కొత్త కోటు వేసుకుని వచ్చింది. మొదటి అంశం అయింది. అల్బీన్ చెయ్యి అవునుకీ లేవలేదు, కాదుకీ లేవలేదు. రెండోదానికీ అంతే. వేదిక మీది పెద్దలు కూడా మెడలు సాచి చూశారు.

"ఏమయ్యా, నిజంగానే తిమ్మిరెక్కిందా?" అంది హెర్మీనా.

"ఈసారి ఎవరూ ఏమీ చెప్పలేదు నాకు."

"ఇకమీదట చెప్పరు కూడా. నీకేమనిపిస్తోంది?"

"నాకా?"

ఆ ప్రశ్న అతన్ని అడిగినవాళ్ళు లేరని హెర్మీనాకి అప్పుడు తట్టింది. ఆరేళ్ళు బల్లకి ఎదురుగా కూర్చుని తనూ అడగలేదు. ఆమెకి సిగ్గేసింది.

మూడో అంశం వాళ్ళ కొండ మీదికి బండిదారి. హెర్మీనా ఆరేళ్ళుగా ఆ దారి కోసం అల్బీన్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. అవునన్నవాళ్ళు అనగానే ఆమె చెయ్యి పైకి లేచింది. అల్బీన్ చెయ్యి లేవలేదు. కాదన్నవాళ్ళు అన్నారు. అల్బీన్ ఆమెవైపు చూశాడు, ఆకాశంవైపు చూశాడు, మెల్లగా చెయ్యెత్తాడు. పెద్దలు తేల్చేదాకా దించలేదు. దారి వెయ్యాలని తేలిపోయింది.

"ఎందుకు కాదన్నావు?" అంది హెర్మీనా.

"దారి పడితే అందరూ బండ్లలో పోతారు. ఇప్పుడైతే నడిచి ఎక్కేవాళ్ళు ఆయాసం తీర్చుకోడానికి మా బల్ల మీద కూర్చుంటారు."

"మోకాళ్ళు నొప్పులు పెట్టేది నాకు."

"తెలుసు. అయినా నాకలా అనిపించింది" అన్నాడు అల్బీన్, తన నోటినుంచి వచ్చిన మాటకి తనే ఆశ్చర్యపోతూ.

"నువ్వన్నది తప్పు. బుధవారం కాఫీకి రా, ఎందుకు తప్పో మొదట్నుంచీ చెబుతాను. మధ్యాహ్నమంతా పడుతుంది."

"బుధవారం కుదరదు" అంది వెనకనుంచి టీచరమ్మ. "బుధవారం మా ఇంటికి వస్తున్నాడు. పైగా దారి విషయంలో వాడిదే రైటు."

"ఎలా రైటవుతుంది టీచరమ్మా?"

"ఎలాగో చెబుతాను విను."

ఎన్నో ఏళ్ళుగా ఓడిన పక్షంతో పాటు గెలిచిన పక్షంలోనూ ఉంటూ వచ్చిన అల్బీన్ డోరిగ్ మొదటిసారి పూర్తిగా ఓడిపోయాడు. ఆడవాళ్ళిద్దరూ చెరోవైపు నిలబడి దారి గురించి పోట్లాడుకుంటుంటే, మధ్యలో అతను టోపీ తీసి పట్టుకుని, "బుధవారం పొద్దున ఒకరింటికి, సాయంత్రం ఒకరింటికి వస్తాను" అన్నాడు. ఇద్దరూ వినిపించుకోలేదు. వాళ్ళ వాదన అయ్యేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.