కిరసనాయిలు దింపించి బియ్యం ఎక్కించాను

తొంభైల చివర, యుద్ధం నడుస్తున్న వేసవిలో, మధ్యాహ్నం రెండింటికి ఆ మంచుకొండల డిపోకి చేరాను. రోడ్డు అక్కడితో ఆఖరు. ఒక రేకుల షెడ్డు, చుట్టూ గుట్టలుగా సరుకు. పైన శిఖరం మీదున్న సైనికుల పోస్టుకి ఏది ముందు వెళ్లాలో చూసి పంపడం నా పని.

మీరు యుద్ధమంటే తుపాకులే అనుకుంటారు. దేశానికి డబ్బుంది, లారీలు వరసగా వచ్చి సరుకు దింపేవి. అక్కణ్ణించి పైకి మాత్రం ఏడు గంటల నడక, పన్నెండు కంచరగాడిదలు. అంతే.

షెడ్డులో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఐదింటికి వైర్‌లెస్‌లో ఒక గొంతు వచ్చేది. పోస్టులో ఆపరేటరు, రాజోలు మనిషి. మాదీ ఆ చుట్టుపక్కలే, అల్లవరం. అతని ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఆ రెండు వేళల కోసమే బతికేవాణ్ణి.

"బాగున్నారాండి?"

"ఆయ్. మీరండి?"

ఒకరోజు షెల్లు పడి ఐదు కంచరగాడిదలు పోయాయి. సరుకు తగ్గించమని ఆర్డరు. తూటాలు తగ్గించడానికి వీల్లేదు. కాలవ గట్టున పెరిగినవాణ్ణి, నీళ్ల సంగతి నా బుర్రకి తట్టనే లేదు. వంటకి పైనున్నది సరిపోతుంది, చలికైతే ఓర్చుకుంటారులే అని కిరసనాయిలు డబ్బాలు దింపించి, బియ్యం మూటలు కట్టించాను. మనవాడు కడుపునిండా తింటాడని సంబరపడ్డాను కూడా. వెధవ సంబరం.

మర్నాడు మంచు తుపాను. దారి మూసుకుపోయింది. సాయంత్రం ఐదింటికి ఆ గొంతు బొంగురుగా వచ్చింది.

"కిరసనాయిలు రాలేదండి."

"బియ్యం ఎక్కువేసేనండి."

"చూసేనండి. మంచు కరిగించుకుంటేగాని ఇక్కడ నీళ్లుండవండి."

ఆ తర్వాత మూడు రోజులు, ఆరింటికీ ఐదింటికీ సెట్టు ముందు కూర్చున్నాను. అటునుంచి ఏమీ వినపడలేదు. అంత ఒంటరితనం మళ్లీ ఎరగను.

దారి తెరిచాక కిరసనాయిలు మోసుకెళ్లినవాళ్లు అతన్ని స్ట్రెచరు మీద దింపారు. మంచు తిని తిని నోరంతా పుళ్లు. పెదాలు నల్లగా పగిలాయి. పలకరిస్తే నా గొంతు గుర్తుపట్టాడు.

"బియ్యం మంచివేనండి," అన్నాడు.

బతికాడని తర్వాత విన్నాను. రెండేళ్లకి నేనూ ఇంటికొచ్చాను. అమలాపురంలో రాజోలు బస్సు కళ్లెదుటే బయల్దేరుతుంది. సిగ్గుతో ఇప్పటికీ ఎక్కలేదు.

స్ట్రెచరు దింపినరోజు డాక్టరు అతని కోటు విప్పితే లోపల, ఛాతీకి ఆనించి, మెస్ టిన్ ఉంది, సిపాయిల అన్నం డబ్బా. అందులో బియ్యం, బియ్యం మీద మంచు. ఒంటి వేడికి కరిగితే ఆ నీళ్లలో బియ్యం నానుతాయని పెట్టుకున్నాడు. మంచు సగమైనా కరగలేదు.