అతుక్కుపోయిన రంగుల సంచికలు

నిరుడు ఎండాకాలం, విశాఖలో. పాత కాగితాలను స్కాన్ చేసి భద్రపరచడం నా పని. చాలా ఏళ్ళు నడిచి ఆగిపోయిన ఒక మోటారు వాహనాల మాసపత్రిక చరిత్రను దాని సంపాదకుడు సన్యాసిరావు గారు పుస్తకంగా రాస్తున్నారు. ఆధారం కోసం సంచికలన్నీ స్కాన్ చేసివ్వమని దువ్వాడలోని తమ ఇంటికి పిలిచారు. వాటికి మరెక్కడా రెండో ప్రతి లేదు.

మూడు రకాలుగా విడదీశాను. తొలి ఏళ్ళవి న్యూస్‌ప్రింట్, అంటే దినపత్రికలకు వాడే ముతక కాగితం. నడిమి కాలానివి ఆర్ట్ పేపర్, నున్నటి పూత ఉన్నది, రంగుల్లో అచ్చయినవి. చివరివి మళ్ళీ ముతకవే. ముతకవి పసుపెక్కినా పేజీలు తిరిగాయి. రంగులవి ఇటుకల్లా గట్టిపడ్డాయి. పత్రిక బాగా బతికిన కాలమంతా వాటిలోనే ఉంది. కొత్త బండిని సింహాచలం ఘాట్ ఎక్కించి రాసిన రోడ్ టెస్టులన్నీ వాటిలోనే.

ఆవిరి పట్టి, పలుచటి కత్తితో విడదీయబోతే అక్షరాలు పక్క పేజీకి అంటుకుని ఊడొచ్చేవి. వంగి వంగి నా మెడ పట్టేసింది.

"వస్తాయా, రావా? సెప్పీ బాబూ," అన్నారాయన.

"రావండి."

"అదేటి! తుపానుకి అన్నీ తడిసినాయి కదా. ఆ సెత్త కాయితాలు బాగుండి, ఇవి పోడమేటి?"

"అప్పుడు ఎలా ఆరబెట్టారండీ?"

"ముతకవి మా ఆవిడ బట్టల తీగ మీద పడీసింది. రంగులవి నాను ముట్టుకోనీలేదు. వంకర పోకుండా ఒకదాని మీదొకటి పేర్సి, పైన సన్నికల్లు ఎట్టినాను."

కారణం అదే. ఆర్ట్ పేపర్ మీది పూత తడిస్తే జిగురవుతుంది. బరువు కింద ఆరితే సంచికంతా ఒకే ముద్ద. ఇది చెప్పకపోతే ఆయన ఇంకొకరిని పిలిచి మిగిలినవీ చింపిస్తారు. చెప్పాను. తడిగా ఉండగానే హార్బర్‌లో చేపలు దాచే కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టిస్తే, తర్వాత నెమ్మదిగా విడదీసే వీలుండేదని కూడా చెప్పాను.

"సేపల పక్కనా? నా బుక్కులా?" అని నవ్వబోయారు.

వంటగదిలోంచి ఆయన భార్య అందుకున్నారు. "తీగ మీద ఎయ్యండని అప్పుడే అన్నాను. ఇన్నారా?"

ఆయన గట్టిపడ్డ ఒక సంచికను చేతిలోకి తీసుకున్నారు. "అయితే తుపాను కాదన్నమాట. నానే," అన్నారు. తర్వాత, "మిగతావి ఇప్పకు బాబూ. పైఅట్టలకు మాత్రం స్కాను తీసీ."

పైఅట్టలు స్కాన్ చేసిచ్చాను. ఆ నడిమి ఏళ్ళ గురించి ఆయన గుర్తున్నంత మేరకే రాస్తున్నారు.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా, అన్నిటికంటే జాగ్రత్తగా దాచిన కట్ట ఏదని అడిగి, ముందు దాన్నే విప్పి చూస్తాను.