దేవుని గురిగి

గూడూరు దగ్గర అడవి అంచున మా ఊరు. బడి లేదు. జనగామ వైపు పుట్టింట్లో నాలుగు అక్షరాలు నేర్చుకుని వచ్చిన మా అమ్మే అక్కకూ నాకూ బడి. ఆమెను అవ్వా అని పిలిచేవాళ్లం. పొయ్యి ముందు బూడిద పరిచి వేలితో దిద్దించేది. చదవడానికి ఇంట్లో బైబిలు ఒక్కటే ఉండేది. అంత చదువు దొరికినందుకు నేను ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

దొర మీద తిరగబడి ఊరంతా సంగం పాటలు మోగుతున్న రోజులవి. మనల్ని తొక్కడంలో దొరా దేవుడూ ఒక్కటేనని, తుపాకులు పట్టి తిరిగే సంగం దళంవాళ్లు చెబితే అక్క కళ్లు మెరిసేవి.

"వాళ్లు కూటికోసం కొట్లాడుతున్రు బిడ్డా, గది తప్పు గాదు. గని మొక్కుడు ఇడువకు," అనేది అవ్వ.

వండే ముందు ఆమె కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి గూట్లోని చిన్న మట్టి గురిగిలో పోసేది. అది దేవుని వంతు. చర్చి సంఘపెద్ద వచ్చి దాన్ని తీసుకుపోయి రోగులకూ దిక్కులేనివాళ్లకూ పంచేవాడు. గొడవలతో దారులు మూసుకుపోయి ఆయన రావడం మానేశాడు. గురిగి నిండింది, పక్కన ఒక కుండా నిండింది. గంజి తాగి పడుకున్న రోజుల్లో కూడా మేము వాటిని ముట్టలేదు.

ఒక పొద్దున పోలీసులు ఇల్లిల్లూ వెతుకుతూ మా ఇంటికీ వచ్చారు.

"పూటకు గతిలేని కొంపల గిన్ని బియ్యం ఎక్కడియే?" అన్నాడు ఆ పోలీసుల పెద్ద, అమీను.

"మాయి గావయ్యా. దేవునికి తీసిపెట్టినయి."

"దేవుడు తుపాకి ఏస్కొని వస్తడా తీస్కపోను?"

జవానులు నవ్వారు. దళానికి దాచిన తిండి అని నాయిన రెక్కలు వెనక్కి కట్టి మానుకోట క్యాంపుకు తీసుకుపోయారు.

అవ్వ మా ఇద్దరినీ వెంటబెట్టుకుని మానుకోటకు నడిచింది. అమీను మంచంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఒక్క మాట చెప్పు, నీ మొగణ్ణి ఇడుస్త. గా బియ్యం దళానికి మోస్తున్నది మీ పక్కింటోడే గదా?"

పక్కింటి మామకు ఏ పాపమూ తెలియదు. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

అక్క అవ్వ కొంగు పట్టి గుంజింది. "ఔనను అవ్వా! నాయినొస్తడు. ఒక్క అబద్ధమాడితే నీ దేవుడు సస్తడా?"

లోపలి నుంచి నాయిన దగ్గు వినబడుతోంది. అవ్వ నోరు తెరిచింది. చెప్పెయ్యమని నేనూ మనసులో ఏడ్చాను.

"లేనిది ఎట్ల చెప్పుదునయ్యా? నేను దేవుని బాంచెను, గవి ఆయనయే."

"అయితే దేవుణ్ణే తోల్కరాపో, జామీను పడతడు."

తిరుగు దారిలో అవ్వ చెట్టు కింద మోకరించింది. నేను పక్కన కూర్చున్నాను. అక్క నిలబడే ఉంది.

"నేను మొక్కను. నాయినను నువ్వే సంపుతున్నవ్."

అవ్వ ఆమెను గద్దించలేదు. "దానికి మొక్కబుద్ధి గాకుంటె దాని వంతు నేనే మొక్కుత," అంది. నేల మీద తల ఆనించి చాలాసేపు లేవలేదు.

నాయిన తిరిగి రాలేదు. ఎక్కడ పూడ్చారో ఎవరూ చెప్పలేదు. అక్క మళ్లీ ఎన్నడూ మోకరించలేదు. పక్కింటి మామ మాత్రం ముసలివాడై, పిల్లలందరూ చుట్టూ ఉండగా తన మంచంలోనే పోయాడు. అందుకు దేవునికి స్తోత్రం చెబుతాను. చెప్పిన ప్రతిసారీ, నాయిన పేరు దగ్గరికి రాగానే ఆమెన్ అనకుండానే లేచిపోతాను.